మరమేకు ఏల సడలును?

అరపా నది యొడ్డున వెలసిన బిలాసపురమునకు పాత బస్తీ యొకటి, రైలు బస్తీ యొకటి అని రెండు ముఖములు కలవు. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే ఛత్తీస్‌గఢ మైదానమున ఇనుపదారులు పఱచిన నాటినుండియు, విశేషించి 1931లో విజయనగరము నుండి పార్వతీపురము మీదుగా రాయపూరునకు మార్గము పూర్తియైన పిమ్మటను, ఉత్తరాంధ్రపు పల్లెలనుండి బ్రతుకుదెరువు వెదకికొనుచు బయలుదేరిన తెలుగు కుటుంబములు అనేకము ఈ రైలు బస్తీలో స్థిరపడి, ఫిట్టరులుగను, ఖలాసీలుగను, గ్యాంగుమనుష్యులుగను, గుమాస్తాలుగను తరతరములు గడపినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానమైన ఈ పట్టణము మీదుగా కోర్బా గనుల బొగ్గును మోయు బండ్లు రేయింబవళ్ళు నడచుచుండును. అట్టి బరువులక్రింద నిత్యము అదరుచుండు ఇనుమును కాపాడుటయే వృత్తిగాఁ గలవారికి ఒక్క విషయము ఇతరులకంటె బాగుగా తెలియును: బిగించిన బోల్టు ఏల సడలును, సడలినదానిని ఎట్లు బిగింపవలెను అనునది.

ఆ విద్యను పట్టాలమీదినుండి దించి, మిక్కిలి చిన్నదైన వేఱొక వస్తువునకు అన్వయించి చూపుట ఈ వ్యాసోద్దేశము. మూతినుండి మందు పోసి, గుండు జార్చి, కోలతో దట్టించి పేల్చు తుపాకిని ఛత్తీస్‌గఢ పల్లెలలో భర్మార్ అందురు. మన మన్యపు ఊళ్ళలో నాటుతుపాకి యందురు. ప్రాచీనమైన ఈ పద్ధతికే విదేశములందు ఆధునికరూపములు వెలసి, వానిమీద దూరదర్శినిని, అనగా నేటివారు స్కోపు అనుదానిని, అమర్చుకొను అలవాటు బలపడినది. ఆ స్కోపును గొట్టముతో కలుపు పీఠము సడలినప్పుడు పుట్టు చిక్కు విచిత్రమైనది. నిన్న చుక్కను కొట్టిన తుపాకి నేడు జానెడు ఎడమకు కొట్టును. ఆ మేరకు సరిచేసికొన్నచో మఱుసటి గుండు కుడికి పోవును. యజమాని మందు చెమ్మగిల్లినదేమో యని శంకించును, గుండు తూకమును శంకించును, గాలిని శంకించును, తుదకు తన కన్నులనే శంకించును. ఇన్ని శంకలకును కారణమైన అసలు దోషి సుమారు 4 మిల్లీమీటర్ల లావుగల యొక మరమేకు.

విట్వర్త్ అను ఒక్క మనుష్యుడు

రైలు, మరమేకు, దట్టింపు తుపాకి అను మూడింటిని తన జీవితముతో ముడివేసిన పురుషుడొకడు కలడు. ఆయన 1803లో ఇంగ్లండునందలి స్టాక్‌పోర్టులో జన్మించిన జోసెఫ్ విట్వర్త్. ఆయన యౌవనకాలమున ప్రతి కర్మాగారమును తనకు తోచినట్లు మరలు కోసికొనుచుండెను. ఒకచోట చేసిన బోల్టునకు వేఱొకచోట చేసిన నట్టు పట్టెడిది కాదు. యంత్రమున ఒక మరమేకు పోయినచో ఆ యంత్రమును చేసినవానిని వెదకికొనుచు పోవలసివచ్చెడిది. విట్వర్త్ దేశమందలి అనేక కర్మాగారముల మరమేకులను సేకరించి, కొలిచి, వాని సగటును గ్రహించి, 1841లో లండనునందలి సివిల్ ఇంజినీర్ల సంస్థ యెదుట ఏకరూపమైన మరల పద్ధతిని ప్రతిపాదించెను. ఆ పద్ధతిలో మర కోణము 55 డిగ్రీలు. అంగుళము లావు బోల్టునకు అంగుళము పొడుగున 8 చుట్లు, అర అంగుళము బోల్టునకు 12, పావు అంగుళము బోల్టునకు 20. రైల్వే కంపెనీలు దీనిని ఆదరముతో స్వీకరింపగా, ఇంగ్లీషువారి రైలు పోయిన చోట్లకెల్ల విట్వర్త్ మరయు పోయినది. మన దేశమున 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో మెట్రిక్ పద్ధతి ప్రవేశించువఱకు రైలు కర్మాగారములందలి పానాల కొలతలు ఆయన పెట్టినవియే. ఆయన 1887లో మరణించెను. అదే సంవత్సరమున బెంగాల్ నాగపూర్ రైల్వే పుట్టెను.

ఆ విట్వర్తే 1850ల చివర ఒక తుపాకిని నిర్మించెను. అదియు మూతినుండి దట్టించునదియే. నాటి బ్రిటిషు సైన్యము వాడుచుండిన ఎన్‌ఫీల్డు తుపాకి నాళిక వ్యాసము 0.577 అంగుళము, గుండును బొంగరమువలె త్రిప్పు లోపలి గాడి 78 అంగుళములకు ఒక చుట్టు చుట్టును. విట్వర్త్ వ్యాసమును 0.451 అంగుళమునకు కుదించి, నాళికను షట్కోణముగా తొలిపించి, 20 అంగుళములకే ఒక చుట్టు తిరుగునట్లు చేసెను. 1857 నాటి పరీక్షలలో ఇది గుఱికి ఎన్‌ఫీల్డును మిక్కిలి వెనుకకు నెట్టెను. 1860 జూలైలో వింబుల్డన్ మైదానమున జాతీయ రైఫిల్ సంఘపు పోటీలను ప్రారంభించుచు విక్టోరియా రాణి 400 గజముల దూరమునుండి పేల్చినది విట్వర్త్ తుపాకినే; ఆధారముపై కదలకుండ అమర్చిన ఆ తుపాకి గుండు చుక్క నడుమకు అతి సమీపమున తగిలినది. ఖరీదు అధికమనియు, నాళికలో మసి త్వరగా పేరుకొనుననియు సైన్యము దానిని ఆమోదింపలేదు. కాని అమెరికా అంతర్యుద్ధమున దక్షిణపక్షపు గుఱికాండ్ర చేతులలో అది ప్రసిద్ధికెక్కినది. వానిలో కొన్నింటికి గొట్టము ఎడమప్రక్కన దూరదర్శిని బిగింపబడియుండెను. ఆ దూరదర్శినిని రూపొందించిన డేవిడ్ డేవిడ్సన్ బొంబాయి సైన్యమున పనిచేసిన అధికారి. దట్టింపు తుపాకిమీద అద్దపు గొట్టమును కదలకుండ నిలుపుట యెట్లు అను ప్రశ్న, కావున, నేటిది కాదు. మన దేశమునకు పరాయిదియు కాదు.

బిగువు ఎక్కడనుండి వచ్చును?

మరమేకు వస్తువులను పట్టియుంచుటకు కారణము దాని మరలు రంధ్రములో ఇఱుకుగా కూర్చుండుటయే యని సామాన్యుల భావన. అది నిజము కాదు. మర యనగా కడ్డీచుట్టు చుట్టిన ఏటవాలు మాత్రమే. ఎక్కిన దారినే దిగుట దాని స్వభావము. దానిని దిగకుండ ఆపునది రాపిడి. ఆ రాపిడిని పుట్టించునది బిగువు. తల పీఠముపై ఆనిన తరువాతను మనము త్రిప్పుచునే యున్నచో, మరలు రంధ్రములో ముందునకు పోజూచును, తల పోజాలదు, నడుమనున్న ఉక్కుకాడ కంటికి కానరానంత సాగును. సాగిన ఉక్కు ముడుచుకొనజూచి, పై వస్తువును క్రింది వస్తువునకు అదిమిపట్టును. నులకమంచము మనుష్యుని మోయుట నులక లావుచేత కాదు, లాగి కట్టుటచేత. మరమేకు చేయు పనియు అట్టిదియే.

దీనిని అంకెలలో చూచిన విశదమగును. 10 సెంటీమీటర్ల పిడి చివర 2 కిలోల బరువును వ్రేలాడదీసినంత తిప్పుబలము, శాస్త్రజ్ఞుల లెక్కలో సుమారు 2 న్యూటన్ మీటర్లు, 4 మిల్లీమీటర్ల మరమేకునకు ఇచ్చినచో, అది వస్తువును సుమారు 240 కిలోల బలముతో అదుమును. స్కోపు మరమేకులకు సామాన్యముగా కోరబడునది ఇంచుమించు ఈ తిప్పుబలమే. కాని మనము వెచ్చించినదానిలో బిగువుగా మారునది పదింట ఒక పాలు. తలక్రింది రాపిడి అయిదు పాళ్ళను, మరలలోని రాపిడి నాలుగు పాళ్ళను మ్రింగివేయును. ఇందుననే మోసము దాగియున్నది. మరలకు నూనె తగిలినచో రాపిడి తగ్గి, అదే తిప్పుబలమునకు బిగువు మితిమీఱి, మర తెగవచ్చును. మరలలో త్రుప్పో మసియో యున్నచో రాపిడి పెరిగి, చేతికి గట్టిగా బిగిసినట్లే తోచును. లోపల బిగువు ఉండదు. చేతికి తోచు గట్టితనము వేఱు, లోని బిగువు వేఱు. ఈ భేదమును గుర్తించినవానికి మరమ్మతులో సగము తెలిసినట్లే.

మఱి బిగువుగా నున్న మరమేకు సడలుట యేల? ఈ ప్రశ్నకు 1969లో గెర్హార్డ్ యుంకర్ అను జర్మను ఇంజినీరు ప్రయోగపూర్వకముగా సమాధానము చెప్పెను. బోల్టును దాని పొడుగువెంట లాగి విడుచు కుదుపుకంటె, కలిపిన వస్తువులను అడ్డముగా అటునిటు జరపు కుదుపు మిక్కిలి హానికరము. వస్తువులు అడ్డముగా రవంత జారినప్పుడెల్ల, మరలలోని రాపిడి ఆ జారుడును అడ్డగించుటలోనే వ్యయమైపోయి, మరమేకు తిరుగకుండ ఆపుటకు మిగులదు. ఏటవాలు వెంబడి అది వెంట్రుకవాసి వెనుకకు తిరుగును. వెంట్రుకవాసులు కూడి చుట్టగును. తలక్రింద స్ప్రింగు వాషరు వేసినంత మాత్రమున ఈ తిరుగుడు ఆగదని అట్టి ప్రయోగములే తేల్చినవి. ఆపగల మొదటి సాధనము, వస్తువులను అసలే జారనీయని బిగువు.

పట్టాల అతుకువద్ద దీనిని కన్నులార చూడవచ్చును. 13 మీటర్ల పట్టా, ఉదయపు చలికిని మధ్యాహ్నపు ఎండకును నడుమ దాని వేడిమి 40 డిగ్రీలు పెరిగినచో, సుమారు 6 మిల్లీమీటర్లు సాగును. ఆ సాగుడునకు తావీయవలెను గనుకనే, రెండు పట్టాల కొనలను కలుపు ఫిష్‌ప్లేటు అతుకు జారవలసియున్నది. జారవలెను గనుకనే అచ్చటి బోల్టులు సడలును. సడలును గనుకనే వానిని చూచుటకు మనుష్యుడు కావలసియున్నాడు. ఇరుసొక్కటికి ఇరువది టన్నులకు మించిన బొగ్గుబండి అతుకును దాటునప్పుడు పట్టాకొన క్రుంగి లేచుటయు, ఫిష్‌ప్లేటు అంచున ఎఱ్ఱని పొడి రాలుటయు ప్రక్కన నిలిచినవానికి తెలియును. కాంక్రీటు స్లీపరులమీద నేడు కానవచ్చు వంకర ఉక్కుక్లిప్పు ఈ చిక్కునకు వేఱొక విధమైన పరిష్కారము: మర యన్నదే లేకుండ, తన సాగుడుబలముచేతనే అది 850 నుండి 1,100 కిలోల బలముతో పట్టా పాదమును అదుముచుండును. ఉపాయము వేఱైనను సూత్రము ఒక్కటే. పట్టియుంచునది సాగిన ఉక్కు.

తుపాకి తన్నుడు

తుపాకిమీదికి వత్తము. 16 గ్రాముల గుండును, 6.5 గ్రాముల మందును పేల్చు 4 కిలోల తుపాకి, సెకనులో వేయింట రెండు మూడు పాళ్ళ కాలములోనే సెకనుకు 3 మీటర్లకు మించిన వేగమును పొంది వెనుకకు తన్నును. పైనున్న స్కోపు జడత్వముచేత ఉన్నచోటనే యుండజూచును. అర కిలో బరువుగల ఆ స్కోపును ఆ లిప్తపాటులో తనతో ఈడ్చుకొనిపోవుటకు ఉజ్జాయింపుగా 70 కిలోల బలము కావలెను. ఆ బలమంతయు మరమేకులకు అడ్డముగనే పడును. నాలుగు మరమేకులు ఒక్కొక్కటి 240 కిలోల చొప్పున అదుముచున్నచో, రాపిడి సుమారు 140 కిలోలవఱకు జారనీయదు. లెక్కకు రెట్టింపు రక్షణ యున్నట్లు. అందు రెండు సడలినచో రక్షణ సరిగా అంచుకు వచ్చును. మూడవది సడలుటకు ఇక ఎన్నో గుండ్లు పట్టవు. ఒక మరమేకు సడలుట తక్కినవాని సడలుటకు నాంది యగుట ఇందువలననే.

జరిగిన దూరము మిక్కిలి స్వల్పమే కావచ్చును. దాని ఫలము స్వల్పము కాదు. స్కోపును పీఠముపై పట్టియుంచు రెండు రింగుల నడుమ 100 మిల్లీమీటర్ల ఎడమున్నచో, ఒక రింగు 0.1 మిల్లీమీటరు, అనగా సామాన్యపు కాగితము మందము, ప్రక్కకు జరిగినంతనే, 100 మీటర్ల దూరమున గుండు 10 సెంటీమీటర్లు తప్పును.

ఇతర తుపాకులకు లేని ప్రత్యేక కష్టములు దట్టింపు తుపాకికి మఱి కొన్ని కలవు. నల్లమందులో 75 పాళ్ళు సూరేకారము, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకము. అది మండిన పిదప సగమునకు మించిన భాగము ఘనరూపమైన మసిగా మిగులును. ఆ మసిలోని లవణములు గాలిలోని చెమ్మను పీల్చుకొని ఇనుమును తినును. బిలాసపురపు శ్రావణమాసమున అందుకు ఒక్క రాత్రి చాలును. కావున పేల్చిన దినముననే సబ్బు కలిపిన వేడినీటితో గొట్టమును కడుగుట విధి. ఆ నీరు మరమేకుల రంధ్రములలోనికి ఊరును; నీటి వెనుక త్రుప్పు, త్రుప్పునకు విరుగుడుగా పూసిన నూనె, అన్నియు మరలలోనికే చేరును. పీఠమున్నచోట గొట్టపు గోడ మందము పరిమితము, దాని క్రింద మందుగది. అందుచేత రంధ్రములు లోతులేనివి, మరమేకునకు దొరకు చుట్లు కొలదియే. పీఠము అల్యూమినియముదైనచో, అది ఉక్కుకంటె ఇంచుమించు రెట్టింపు సాగును; 100 మిల్లీమీటర్ల పీఠమునకు 40 డిగ్రీల మార్పులో ఆ తేడా 0.04 మిల్లీమీటరు. పట్టా అతుకున మిల్లీమీటర్లలో జరుగు నాటకమే ఇచ్చట వానిలో నూఱవ పాళ్ళలో జరుగును.

ముందు ఖాళీయా, కాదా?

ఏ పనికిని పూర్వము తుపాకి ఖాళీగా నున్నదని నిశ్చయము చేసికొనవలెను. వెనుకనుండి తూటా పెట్టు తుపాకిని తెఱచి చూడవచ్చును. దట్టింపు తుపాకికి ఆ సౌకర్యము లేదు, లోపల మందున్నదీ లేనిదీ బయటికి కానరాదు. మూతిని జనము లేని దిక్కునకు మఱల్చి, మొదట రంజకపు టోపీని తొలగింపవలెను. పిదప దట్టించు కోలను నెమ్మదిగా గొట్టములో అడుగంట దింపి, మూతివద్ద కోలమీద సుద్దతో గీత గీసి, కోలను బయటికి తీసి, ఆ గీత మూతికి సరిపడునట్లు గొట్టము వెలుపల ఆనించి చూడవలెను. కోల చివర మందుగది అడుగు ఉండవలసిన చోటికి వచ్చినచో గొట్టము ఖాళీ. రెండు మూడు అంగుళములు తక్కువైనచో లోపల మందును గుండును ఉన్నవని అర్థము. అట్లున్నప్పుడు మరమేకుల జోలికి పోరాదు.

చట్టమును మఱువరాదు. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము తుపాకిని కలిగియుండుటకును లైసెన్సు కావలెను, మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెను. రంధ్రము తొలుచుట, మర కోయుట మొదలైన పనులు లైసెన్సుగల మరమ్మతుదారుని చేతులలోనే జరుగవలెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక, ఈ గుఱి యంతయు గుఱిపలకకే పరిమితము. అయినను, ఏమి జరుగుచున్నదో తెలిసిన యజమాని మరమ్మతుదారుని సరియైన ప్రశ్న అడుగగలడు. ఈ క్రింది వివరణ అందులకు.

సాక్ష్యమును చదువుట

సడలిన మరమేకు కనబడగానే పానా తీసి బిగించువాడు సాక్ష్యమును చెఱిపివేయుచున్నాడు. మొదట సడలినది ఏది, పీఠమా, రింగులా, రింగులలోని స్కోపా అని తేల్చవలెను. ఒక చేత గొట్టమును, మఱొక చేత స్కోపును పట్టి మెల్లగా ప్రక్కలకు నొక్కుచు, ప్రతి అతుకుమీద వ్రేలిగోరు ఆనించినచో, కంటికి కానరాని కదలిక గోటికి తెలియును. పిదప ఒక్కొక్క మరమేకును తీసి, ఏ రంధ్రపుదో ఆ క్రమమున వేఱువేఱుగా ఉంచవలెను; ముందు రంధ్రములకును వెనుక రంధ్రములకును పొడుగు తఱచు వేఱు.

తీసిన మరమేకును భూతద్దముక్రింద చూచినచో అది తన కథ తానే చెప్పును. తల అడుగున వలయమంతయు సమానముగా మెఱయుచున్నచో తల సరిగా ఆనినది. ఒక్క ప్రక్కనే మెఱయుచున్నచో పీఠము వంకరగా కూర్చున్నది. కొన చదునుగా నలిగి మెఱయుచున్నచో ఆ మరమేకు పొడుగెక్కువై రంధ్రపు అడుగును తాకినది. చేతికి బిగిసినట్లు తోచినను పీఠమును అదుమనే లేదు. పీఠము అడుగున ఎఱుపుగోధుమ రంగు మెత్తని పొడి యున్నచో, లోహము లోహముతో చాలకాలము రాచుకొన్నదని అర్థము. ఫిష్‌ప్లేటు అంచున రాలు పొడియు ఈ జాతిదే. మరలు నూనెతో తడిసియున్నచో కడిగిన తరువాత పూసిన నూనె ఇచ్చటికి చేరినది. ఇన్నింటిలో ఒక్కదానికైనను పానా మాత్రమే మందు కాదు.

మరమ్మతు

మొదటి పని శుభ్రము. రంధ్రములను, మరమేకులను, పీఠము అడుగును వేడి సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, ఎసిటోనుతో నూనె ఆనవాలు పోవువఱకు తుడువవలెను. రెండవది పొడుగు. రంధ్రపు లోతును సన్నని పుల్లతో కొలిచి, పీఠపు మందమును కలిపి చూచి, మరమేకు కనీసము తన లావంతైనను మరలలో దిగునట్లును, అడుగును మాత్రము తాకకుండునట్లును ఉన్నదని నిశ్చయించుకొనవలెను. పొడుగెక్కువైనచో మరమేకు కొనను ఆకురాయితో తగ్గింపవలెనే కాని, రంధ్రమును లోతు చేయ యత్నింపరాదు. దాని క్రింద మందు పేలు గది కలదు.

మూడవది పొందిక. పీఠమును గొట్టముపై నుంచి ఒక చివర మాత్రమే మరమేకును వ్రేళ్ళతో దించి చూడవలెను. రెండవ చివర లేచినచో పీఠపు వంపు గొట్టపు వంపునకు సరిపడలేదు. ఆ సందును మరమేకుల బలముతో మూయజూచినచో పీఠము విల్లువలె వంగును. వంగిన పీఠమున రింగులు ఒక వరుసలో నిలువవు, స్కోపు గొట్టము నలుగును, ప్రతి పేలుడుతోను పీఠము తన సహజరూపమునకు తిరిగిపోజూచుచు మరమేకులను వదలించును. సరియైన వంపుగల పీఠమును తెప్పించుటయో, సందును సన్నని ఉక్కురేకుతోనో ఎపాక్సీతోనో నింపించుటయో దీనికి చికిత్స.

నాల్గవది జిగురు. గాలి తగులనిచోట, లోహముల నడుమ మాత్రమే గట్టిపడు ద్రవమును 1953లో వర్నన్ క్రీబుల్ అమెరికాలో కనిపెట్టెను. లాక్‌టైట్ అను పేర ప్రసిద్ధమైనది అదియే. అందు చేతిపనిముట్లతో ఊడదీయవీలైన నీలపు రకము స్కోపు మరమేకులకు చాలును. ఎఱ్ఱ రకము పట్టినచో వేడి చేయక వదలదు. ఒక్క చుక్క చాలును. ద్రవము గట్టిపడువఱకు నూనెవలెనే మరలను జాఱుగా చేయును గనుక తిప్పుబలమును రవంత తగ్గింపవలెను. పూర్తిగా గట్టిపడుటకు ఒక దినము విడువవలెను. పాత జిగురుతో పట్టుకొన్న మరమేకు రాకున్నచో, టంకపు కడ్డీ మొనను దాని తలకు ఆనించి వేడి చేయుదురు. నిప్పుతో కూడిన ఈ పని గొట్టము ఖాళీయని రెండవమాఱు నిశ్చయించుకొన్న పిదపనే చేయదగినది.

అయిదవది బిగింపు. తల గాడిలో స్క్రూడ్రైవరు మొన సందులేకుండ నిండుగా కూర్చుండవలెను. సన్నని మొన గాడి పెదవులను చీల్చును. అన్ని మరమేకులను మొదట వ్రేళ్ళతో దించి, తరువాత ఎదురెదురుగా కొంచెము కొంచెముగా రెండు మూడు విడతలలో తుది బిగువునకు తేవలెను. తిప్పుబలమును చూపు స్క్రూడ్రైవరున్నచో ఊహకు పని లేదు. రింగును పీఠపు గాడిలో ముందునకు, అనగా మూతివైపునకు, నెట్టి ఆనించి బిగింపవలెను. తుపాకి వెనుకకు తన్నునప్పుడు స్కోపు ముందునకు పోజూచును గనుక, గాడి గోడయే దానిని ఆపును. రింగుల పైకప్పు ఇరుప్రక్కల సందులు సమానముగా నుండవలెను. మర తెగిపోయిన రంధ్రమునకు మాత్రము ఈ ఉపాయములేవియు పనికిరావు. 0.138 అంగుళపు మరమేకు రంధ్రమును 0.164 అంగుళపుదానికి పెంచి క్రొత్త మర కోయుట తుపాకి మరమ్మతుదారులు అనుసరించు మార్గము. గొట్టపు గోడ అందులకు చాలునా అని నిర్ణయించుటయు వారి పనియే.

పానాకు హద్దు, చూపునకు అలవాటు

రైలుబాటను కాపాడువారి క్రమములో తుపాకిగల వాడు నేర్చుకొనదగినవి రెండు కలవు. మొదటిది పానా పొడుగునకు హద్దు. ఫిష్‌బోల్టుల పానా ఇంత పొడుగే యుండవలెనని రైల్వే నియమము. దానికి గొట్టము తొడిగి పొడిగించినవాడు బోల్టును బిగించుట లేదు, దాని ఉక్కును తిరిగి ముడుచుకొనలేనంతగా సాగదీయుచున్నాడు. అట్లు సాగి చచ్చిన బోల్టు మొదటి బండికే సడలును. క్రొత్త కుఱ్ఱవాని చేతికి పానా నిచ్చునప్పుడు పాతకాలపు ఫిట్టరు మొదట అణచునది వాని బలమునే. 4 మిల్లీమీటర్ల మరమేకు విషయమున ఈ హద్దు మఱింత కఠినము. మణికట్టు అక్కఱలేదు, వ్రేళ్ళ బలము చాలును.

రెండవది క్రమము తప్పని చూపు. చాబీవాలా యని ఇచ్చటివారు పిలుచు కీమాన్ భుజమున సుత్తిని, పానాను, చేత జెండాలను ధరించి తన వంతు బాటను ప్రతిదినము నడచును. అతడు ప్రతి బోల్టును త్రిప్పిచూడడు. చూచును, అనుమానమున్నచోట సుత్తితో తట్టి వినును, మ్రోత మొద్దుబాఱినచో అప్పుడు పానా తీయును. అతుకులను విప్పి, శుభ్రపఱచి, కందెన వేసి మఱల బిగించుట సంవత్సరమునకొకసారి, అక్టోబరు మొదలు ఫిబ్రవరి లోపల, ఎండలు ముదరకమునుపే జరుగును. తుపాకి యజమానికిని ఇట్టి చూపు సులభసాధ్యమే. బిగించి ముగించిన పిదప, ప్రతి మరమేకు తలమీదినుండి పీఠముమీదికి సన్నని రంగుగీత నొకటి గీయవలెను. కడిగి తుడిచిన ప్రతిసారియు గీతను చూచినచో చాలును. గీత తలవద్ద విఱిగి కానవచ్చినప్పుడు మరమేకు తిరిగినది. గీత చెక్కుచెదరక యుండి గుఱి మాత్రము తప్పుచున్నచో దోషము బహుశః పీఠమున లేదు. అప్పుడు మందును, గుండును, కన్నును శంకించుట న్యాయము.

మరమ్మతైన తుపాకిని పరీక్షింపక నమ్మరాదు. 50 మీటర్ల దూరమున మూడు గుండ్లు పేల్చి, అవి యొకచోట గుమికూడుచున్నవా అని మొదట చూడవలెను. గుమికూడినచో, ఆ గుంపును చుక్కమీదికి తెచ్చుట స్కోపు మీటల పని. గుమికూడనిచో మీటలను ముట్టుట వ్యర్థము. గీత ఒకసారి విఱిగినచో విప్పి, కడిగి, మఱల బిగింపవచ్చును. అదే మరమేకు గీత రెండవసారియు విఱిగినచో అది బిగింపులోని లోపము కాదు. పొడుగులోనో, పొందికలోనో, మరలోనో మనము చదువని సాక్ష్యమొకటి మిగిలియున్నది. మూడవసారి పానా పట్టుటకు మాఱుగా తుపాకిని లైసెన్సుగల మరమ్మతుదారునికి అప్పగించి, మరమేకు సడలినదని మాత్రమే చెప్పక, ఏది సడలినది, ఎన్నవసారి సడలినది, తీసినప్పుడు తలక్రిందను కొనయందును ఏమి కనబడినది అను వివరములతో చెప్పుట వివేకము.